మల్లేశ్ పెట్టిన నిమ్మకాయలు

2023 వర్షాకాలం. గోపన్‌పల్లి దగ్గర ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ. నేను జాబ్ కోచ్‌గా పని మొదలుపెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. ఈ ఉద్యోగం పేరు చాలామంది విని ఉండరు. మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లకు ఒక పని నేర్పి, ఆ పని ఇచ్చే చోటు వెతికి, అక్కడ కుదురుకునేదాకా వాళ్ల పక్కన నిలబడటం మా వృత్తి. ఐటీ కంపెనీల ప్యాంట్రీల్లో, అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌసుల్లో మా వాళ్లు మీకు కనిపించే ఉంటారు. మీరు గమనించి ఉండరు, అంతే.

మల్లేశ్‌ను ఆ కమ్యూనిటీ క్లబ్‌హౌసులో హౌస్‌కీపింగ్‌లో పెట్టింది నేనే. బోరబండలో అక్క బాలమణితో ఉంటాడు. మనిషికి ఇరవై ఆరేళ్లుంటాయి, లెక్కలు, గడియారం చూడటం, అబద్ధాలు రావు. మా పనిలో టాస్క్ అనాలిసిస్ అని ఒకటుంది. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టూ చేయించి చూపడం. క్లబ్‌హౌసులో పిల్లలు బూట్లు, రాకెట్లు, నీళ్ల సీసాలు వదిలేసి పోతుంటారు కాబట్టి మల్లేశ్‌కు దాన్నీ మెట్లుగానే నేర్పాను. ఎవరిదైనా వస్తువు పడిపోతే పిలువు. వాళ్లు వినకపోతే తీసుకెళ్లి వాళ్ల గుమ్మం ముందు పెట్టు. ఎవరిదో తెలియకపోతే సెక్యూరిటీకి ఇవ్వు. అతను ఈ పని ఎంత శ్రద్ధగా చేసేవాడంటే, ఏ బూటు ఏ విల్లా పిల్లవాడిదో ఆ తల్లుల కన్నా ముందే చెప్పేవాడు.

అమావాస్య మర్నాడు పొద్దున స్టేషన్ నుంచి ఫోన్. చేసింది ఎస్సై.

"సునంద అంటే మీరేనా మేడమ్? మల్లేశ్ అనేటోణ్ని పట్టుకున్నం. ఇండ్ల ముందర మంత్రించిన నిమ్మకాయలు పెడ్తున్నడు. ఎవరు నేర్పిర్రు అంటే మీ పేరు చెప్తున్నడు."

కాలేజీ రోజుల నుంచీ వేదికలెక్కి మూఢనమ్మకాల మీద గొంతు పోయేలా వాదించిన మనిషిని నేను. చివరికి నేనే మంత్రగత్తెనయ్యాను. నవ్వు వచ్చింది, వెంటనే ఆగిపోయింది. బాణామతి అనుమానం చాలు, మనిషిని కొట్టి చంపడానికి. మన ఊళ్లలో అలా పోయిన ప్రాణాలున్నాయి.

నేను వెళ్లేసరికి మల్లేశ్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. లాకప్‌లో వేయలేదు. చొక్కా గుండీలు తెగి ఉన్నాయి, ఒక చెంప వాచింది. కొట్టింది పోలీసులు కాదు, ఆ కమ్యూనిటీలోని చదువుకున్నవాళ్లే. బాలమణి ఆ కమ్యూనిటీ దారిలోనే ఒక హాస్టల్లో వంట చేస్తుంది. అక్కడి నుంచి పిండి చేతులతోనే వచ్చేసింది. ఎదురుగా అసోసియేషన్ సెక్రటరీ, ఆయనతో పాటు నలుగురైదుగురు.

ఫిర్యాదు ఇది. పొద్దున లేచి చూస్తే కొన్ని విల్లాల గుమ్మాల ముందు కుంకుమ పూసిన నిమ్మకాయలున్నాయి. సీసీ కెమెరాలో మల్లేశ్ ఒక్కో ఇంటి ముందూ వంగి పెట్టడం కనిపించింది. సెక్రటరీ గారి పాపకు రాత్రి నుంచి జ్వరం, వాంతులు. ఊరంతా జ్వరాలతో మూలుగుతున్న నెల అది. ఆఫీసులో డేటా లేకుండా ఒక్క నిర్ణయం తీసుకోని ఆ మనిషి, ఇంట్లో మాత్రం రాత్రి వచ్చిన జ్వరానికి పొద్దున కనిపించిన నిమ్మకాయే కారణమని తేల్చేశాడు.

ఆయన బాలమణితో, "మీ తమ్ముడికి ఎవరు డబ్బులిచ్చి చేయిస్తున్నారో చెప్పమ్మా" అన్నాడు.

"మా తమ్మునికి మంత్రాలే వస్తే మేం కిరాయింట్ల ఎందుకుంటం సార్?" అంది బాలమణి.

ఒక కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి తల తిప్పుకున్నాడు.

ఎస్సై అప్పటికే స్టేట్‌మెంట్ రాసి పెట్టాడు. నువ్వే పెట్టినవా? అవును సార్. ఎవరో చెప్తే పెట్టినవా? అవును సార్. వాళ్లకు చెడు జరగాలని పెట్టినవా? అవును సార్. ఇక సంతకం ఒక్కటే మిగిలింది. అది పడితే కేసు, మర్నాటికల్లా మేజిస్ట్రేట్ ముందుకు, ఆ తర్వాత రిమాండు. గదిలో ఒంటరిగా ఉంచి తలుపు వేస్తేనే ఏడ్చే మనిషి జైల్లో ఎన్నాళ్లు నిలబడతాడు?

సంతకం ఆపమని అడిగాను. అతని డిజెబిలిటీ సర్టిఫికెట్ చూపించి, మా వృత్తిలో ముందుగా నేర్చుకునే విషయం చెప్పాను. జవాబు ప్రశ్నలోనే దాక్కుని ఉంటే దాన్ని లీడింగ్ క్వశ్చన్ అంటారు. అలాంటి ప్రశ్న వేస్తే మల్లేశ్ లాంటివాళ్లు అవును అంటారు. పెద్దవాళ్లకు అవును అనమనే చిన్నప్పటి నుంచీ ఇల్లూ బడీ వాళ్లకు నేర్పాయి. కాదన్నప్పుడల్లా దెబ్బలు పడ్డాయి. కాబట్టి ఏం జరిగిందో అతన్నే చెప్పనివ్వండి అన్నాను.

"మీరే అడుగుండ్రి. నేను ఇంటుంట" అన్నాడు ఎస్సై. ఆ మాట అనకుండా ఉండే అధికారం ఆయనకుంది. అందుకే ఈనాటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

"మల్లేశ్, నిన్న డ్యూటీ దిగాక ఏం జరిగింది? మొదటి నుంచి చెప్పు" అన్నాను. అడిగాక ఆగాలి. ఎంతసేపైనా ఆగాలి. గదిలో అందరికీ ఆ మౌనం ఇబ్బందిగా ఉంది, మల్లేశ్‌కు తప్ప.

"గేటు బయట కూసున్న. అక్క కోసం" అన్నాడు చివరికి. "సార్లు వచ్చిర్రు. మేడమ్‌లు వచ్చిర్రు. నిమ్మకాయలు పడ్డయి. పిలిచిన. చూడలే. మల్ల పిలిచిన. జల్ది జల్ది పోయిర్రు."

"తర్వాత?"

"ఏరి సంచిల ఏసుకున్న. పొద్దుగాల వచ్చి ఎవలది వాళ్లింటి కాడ పెట్టిన. కార్ల కింద పోతయి గద."

అమావాస్య సాయంత్రం దిష్టి తీసి, గేటు బయటి కూడలిలో నిమ్మకాయ పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. ఇది ఆ గదిలో అందరికీ తెలుసు. మల్లేశ్‌కు మాత్రం తెలియదు. పిలిచినా వెనక్కి చూడలేదంటే, పాపం వాళ్లు గమనించలేదనే అతని లెక్క.

ఎస్సై టేబుల్ మీది ప్లాస్టిక్ కవరు విప్పి నిమ్మకాయలు బయట పెట్టాడు. "ఇవి ఎవరెవరివి సార్?"

సెక్రటరీ తమ కమ్యూనిటీలో అందరూ ఎడ్యుకేటెడ్ అనీ, ఇలాంటివి ఎవరూ చేయరనీ అన్నాడు. మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. నాలో ఒక ఉపన్యాసం పొంగుకొచ్చింది. మీరు పారేసింది భయం, దాన్ని మోసింది ఇతను, దెబ్బలు తిన్నదీ ఇతనే అని నోరు తెరవబోతున్నాను.

"మీరు ఆగండమ్మా" అన్నారు సెక్రటరీతో వచ్చినవాళ్లలో వెనక నిలబడ్డ ఒకావిడ. పేరు విజయలక్ష్మి గారు. ట్రెజరీలో ఉద్యోగం, ఊరు భీమవరం వైపు. ఆమె ముందుకొచ్చి ఒక కాయ తీశారు.

"ఇది నాదేనండి. లవంగాలు గుచ్చింది నేనే. మా అబ్బాయికి కొత్త ఉద్యోగం వచ్చిందని దిష్టి తీశాను. 'మేడమ్, మీది పడ్డది' అని ఈ బాబు పిలుస్తూనే ఉన్నాడు. వెనక్కి చూడకూడదు కదండీ, నడక పెంచాను. పొద్దున గుమ్మంలో చూసి హడలిపోయినమాట నిజం. కానీ నాదేనని అప్పుడే గుర్తుపట్టాను. అందరిముందూ చెప్పడానికి సిగ్గేసింది."

ఆమె మల్లేశ్ వైపు తిరిగి చేతులు జోడించారు. అతనూ జోడించాడు. నమస్కారం పెట్టినవాళ్లకు తిరిగి పెట్టాలని కూడా నేర్పాను మరి.

అప్పుడు సెక్రటరీ నోరు విప్పాడు. "మా ఆవిడ కూడా వేసి ఉండొచ్చు."

"మేడమ్ వేసిందా, మీరు వేసిర్రా సార్?" అన్నాడు ఎస్సై.

"...నేనే."

"మా ఇంట్ల గూడ తీస్తరు సార్. గని మనది మనదే అని ఒప్పుకోవాలె."

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. మల్లేశ్‌ను ఇంటికి తీసుకెళ్లవచ్చన్నారు. బాలమణి చెయ్యి పట్టుకుని లేపింది గానీ అతను కదలలేదు. ఎస్సైని అడిగాడు, "సార్, నేను తప్పు చేసిన్నా?"

ఎస్సై కుర్చీలోంచి లేచాడు. "లేదు తమ్మీ. నీ తప్పేం లేదు."

స్టేషన్ మెట్లెక్కిన ఎంతమందికి ఈ మాట దక్కుతుంది?

వారం తర్వాత మల్లేశ్ మళ్లీ పనిలోకి వెళ్లాడు. వద్దన్నవాళ్లున్నారు. అసోసియేషన్ మీటింగులో విజయలక్ష్మి గారు వాళ్లతో వాదించి నెగ్గారు. దిష్టి విషయంలో ఆమెకూ నాకూ ఇప్పటికీ రాజీ లేదు. దిష్టి లేదని నేనంటాను, మీరు పిల్లల్ని కనలేదు కాబట్టి అలా అంటారని ఆమె అంటారు. కానీ ఒక విషయం ఆవిడ వల్లే నేర్చుకున్నాను. హేతువాదమంటే నమ్మకం లేకపోవడమని ఇన్నేళ్లూ అనుకున్నాను. కళ్లతో చూసింది, తనకు నష్టమైనా సరే, నలుగురిలో చెప్పడమే దానికి మొదలు. ఆ రోజు ఆ గదిలో ఆ పని చేసింది దిష్టి నమ్మే మనిషి. నేను కాదు.

నా పనిలోనూ ఒక మార్పు వచ్చింది. ఇంతకాలం నా దగ్గరికి వచ్చినవాళ్లకు చెప్పినట్టు చేయడమే నేర్పాను. వినయమే వాళ్లకు రక్షణ అనుకున్నాను. స్టేషన్లో అదే వినయం మల్లేశ్‌ను జైలు గుమ్మందాకా తీసుకెళ్లింది. అందుకే ఇప్పుడు టేబుల్ తుడవడం కంటే ముందు 'కాదు', 'నాకు తెల్వది', 'మా అక్కను పిలువుండ్రి' అనడం నేర్పుతున్నాను. అన్నిటికంటే కష్టమైన పాఠం ఇదే. మల్లేశ్ నెలల తరబడి నా ముందు కాదు అనలేక, నా మొహం చూసి అవును అనేసేవాడు.

ఒకరోజు మాటల్లో, పాఠమని కాదు, ఆదివారం కూడా డ్యూటీకి వస్తావా అని అడిగాను. కొంచెంసేపు ఆలోచించాడు.

"రాను మేడమ్. అక్కకు ఆదివారమే సెలవు."

అలాగే నాయనా, రాకు అన్నాను. దారి పొడుగునా నాలో నేను నవ్వుకుంటూ ఇంటికెళ్లాను.