మిద్దె మీద నిలబెట్టిన నీళ్ళు

సిరిసిల్లలో మా ఇంటి ముందుగదిలో రెండు సాంచలున్నాయి. మరమగ్గాలను మేం సాంచలంటాం. పోయిన వానాకాలం స్లాబు పగులులోంచి నీళ్ళు కారి, నేస్తున్న బట్ట మీద మరకలు పడ్డాయి. నూలిచ్చే సేటు ఆ బట్ట తిప్పి పంపాడు. ఇంకోసారి ఇట్లా అయితే నూలు ఇవ్వనన్నాడు. నూలు ఆగితే మా పొయ్యి ఆగినట్టే. అందుకే చలికాలంలోనే మిద్దె బాగుచేయించాలని పట్టుబట్టాను.

మేస్త్రిది కోరుట్ల. పగుళ్ళు పూడ్చి, వాటి మీద నీళ్ళు దిగని మందు పూయాలి. సగం డబ్బు ముందు, సగం పని అయ్యాక. మొదటి రోజు నుంచే నా కన్ను అతని మీద ఉంది. తెచ్చిన మందు డబ్బాకు సీలు లేదు. నీళ్ళు కలిపాడేమోనని మా ఆయన చెవిలో వేశాను కూడా.

పగుళ్ళు పూడ్చిన సాయంత్రం మేస్త్రి మా ఇద్దరికీ చెప్పాడు.

"అక్కా, రెండు దినాలు సాంచలు బంద్ పెట్టుండ్రి. గోడలు అదిరితె పచ్చి సిమెంటు ఇడుస్తది."

సరేనన్నాం. ఆ రెండు రోజులూ నేను మా చెల్లెలి ఒడిబియ్యం వేడుకకు జగిత్యాల వెళ్ళాను. వచ్చాక నా ముందే మందు పూసి, మేస్త్రి మిగతా డబ్బు అడిగాడు.

"వాన పడనీ. కారకపోతె ఇస్త," అన్నాను.

"గీ సలికాలంల వాన యాడికెల్లి తేవాలె అక్కా? మబ్బులకు గూడ అడ్వాన్సియ్యాల్నా?"

మా ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. చివరికి దారి మేస్త్రే చెప్పాడు. మిద్దె మీది గొట్టాలకు గుడ్డలు కుక్కి, నీళ్ళు నింపి, తెల్లారేదాకా ఉంచితే దిగేదీ లేనిదీ తేలిపోతుంది. అట్లాగే నింపాం.

తెల్లారి చూస్తే కిటికీ పక్క సాంచకు సరిగ్గా పైన చెమ్మ. చూస్తుండగానే ఓ చుక్క రాలింది.

"నేను అనుకున్నదే అయింది. మందుల నీళ్ళు గలిపినవ్. ఒక్క పైస ఇయ్య."

మేస్త్రి స్టూలెక్కి ఆ చోట వేలితో తడిమాడు. "మందు తప్పు గాదక్కా. కింది పగులు మల్ల ఇచ్చుకున్నది. సాంచలు నడిపిండ్రా?"

"నడపలే," అన్నాడు మా ఆయన వెంటనే.

"కూలోళ్ళకు నా జేబులకెల్లి ఇచ్చిన. పెద్దమనుషులల్ల పంచాయతి పెడ్త," అన్నాడు మేస్త్రి.

"పెట్టుకో పో," అన్నాను.

సాయంత్రం నల్లా దగ్గర పక్కింటామె పలకరించింది. "ఏందే, నువ్వు చెల్లె ఇంటికి పోతె మీ ఆయనకు పొద్దు పోలేదా? దినమంత దడదడ! మా గూట్లె గిన్నెలు గూడ ఆడినయ్."

బిందె అక్కడే వదిలి ఇంట్లోకి వచ్చాను.

"సాంచ నడిపినవా?"

"ఒక్కటే నడిపిన. సేటు బట్టకు తొందర పెట్టవట్టె."

"ఒక్కటైతె అదరదా? ఆ మనిషి మొకం మీదనే నడపలే అంటివి గదా!"

ఆయన తలెత్తకుండా నూలు కండెలు సర్దుకుంటూ కూర్చున్నాడు.

మేస్త్రికి నేనే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పని మళ్ళీ ఊరికే చేయించుకోవడానికి పిలుస్తున్నాననుకున్నాడేమో.

"వస్త. కని పాత పైసలు ముందు చేతుల వెట్టాలె. సామాను, కూలి మల్ల మీయే."

బేరమాడాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మర్నాడు వచ్చి, గడపలోనే నిలబడి నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. మా ఆయనకు కోపం వచ్చింది. నాకు రాలేదు. అతను తెచ్చిన కొత్త డబ్బా సీలును నేనూ గోటితో గీకి చూశాను.

పగులు పూడ్చగానే రెండు సాంచల ఫ్యూజులూ పీకి కొంగున ముడేసుకున్నాను. ఈసారి ఏ ఊరికీ పోలేదు. గడువు దాటాక మందు పూసి, అది ఆరాక మళ్ళీ నీళ్ళు నిలబెట్టాం. తెల్లారి ముగ్గురం మెడలెత్తి చూశాం. కప్పు పొడిగా ఉంది.

"ఇగ నడుపుకో భాయ్," అన్నాడు మేస్త్రి.

మా ఆయన ఫ్యూజుల కోసం నా ముందు చెయ్యి చాపాడు. రేపు ఇస్తానన్నాను.