తునికాకు బంగారం

నిన్న బసంత్‌నగర్ బస్‌స్టాపులో ఎవరో బీడీ ముట్టించారు. ఆ వాసన తగలగానే నా చెయ్యి దానంతటదే చొక్కా జేబు తడుముకుంది. నన్ను చూసి పక్కనున్నాయన గబగబా తన పర్సు తడుముకున్నాడు. నవ్వొచ్చింది. ఇది సరోజ నేర్పిన అలవాటని ఆయనకేం తెలుసు!

సరోజ మా బొగ్గుగనిలో లాంపు రూములో పనిచేసేది. తండ్రి గనిలో పోతే వచ్చిన నౌకరీ. కిందికి దిగే ప్రతివాడూ కిటికీ దగ్గర ఆమె చేతినుంచే టోపీ లైటు తీసుకోవాలి. నేను ఏడో తరగతిలోనే బడికి సెలవిచ్చినవాణ్ని. చదువే తక్కువ, నోరు కాదు. రోజూ ఆ కిటికీలో ఒక జోకు పారేసేవాణ్ని. ఆమె నవ్వేది కాదు. ఒకరోజు మాత్రం నా జేబువైపు చూసింది. బీడీ కట్ట! లోపల గ్యాసుంటుంది, అగ్గిపుల్ల కూడా తీసుకెళ్లకూడదు. నేను మర్చిపోయాను.

"సారూ, గీయన జేబు సూడుండ్రి!" అని అందరిముందూ కేకేసింది.

దసరా ముందర పది రోజులు సస్పెండు. లైను లైనంతా నవ్వింది. నవ్వించేవాడికి ఆ నవ్వు ఎంత చేదో అప్పుడు తెలిసింది.

పగ తీర్చుకోవాలనుకున్నాను. దసరానాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి 'బంగారం' అంటాం, ఎవరిచ్చినా కాదనకూడదు. నేను జమ్మికి బదులు, బీడీలు చుట్టే తునికాకును కాగితంలో మడిచి, పదిమందిలో ఆమె చేతిలో పెట్టాను.

"తీస్కోండ్రి మేడం, బీడీలు పట్టిచ్చే మీ నౌకరీకి తగ్గ బంగారం!"

దోస్తులు పగలబడి నవ్వారు. ఆమె విప్పి చూసి, ఆ ఆకునే కళ్లకద్దుకుంది.

"మా నాయిన పోయిన పొద్దు లోపట ఎవరో బీడీ ముట్టిచ్చిండట. ఎవరో ఇప్పటికీ తెల్వది," అంది మెల్లగా. "గసొంటోడివి నువ్వు కావద్దనుకున్న. గంతే."

నవ్వొద్దని దోస్తులకు చెయ్యూపాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"తొమ్మిది రోజులాయె, నీ లాంపు కదల్లే. డ్యూటీకి ఎప్పుడొస్తవ్?" అని ఆమే అడిగింది.

"ఎల్లుండి."

"జల్ది రా. కిటికీ కాడ సప్పుడే లేదు."

జమ్మి ఆకు నా చేతిలో పెట్టింది. నేనూ కళ్లకద్దుకున్నాను.

మరుసటి దసరాకు మా పెళ్లయింది. బీడీ మానేశాను, జోకులు మానలేదు. డ్యూటీకి వెళ్లేముందు రోజూ గడపలో నా జేబులు వెతికేది.

"ఏం దొరికిందే?" అనేవాణ్ని.

"నీ జోకులే. అవి తీస్కపో, అంటుకోవు."

ఆమె పోయి రెండు దసరాలు. రిటైరైనా, బయటికి వెళ్లేముందు గడపలో ఆగి జేబులు బయటికి లాగి చూపిస్తాను. పై జేబు ఒక్కటి చూపించను. ఆమె పెట్టెలో దొరికిన తునికాకు, అదే కాగితంలో, అక్కడుంటుంది. దీనికి మాత్రం నన్ను పట్టియ్యదనుకుంటాను.