బార్నబీ తెంపిన తీగలు

థామసీన్ ఉదయాలు ఇదివరకు ఇలా ఉండేవి కావు. మొగుడికి ఇంత గంజి పోసి, టోపీ దులిపి ఇచ్చి, గ్రీనిచ్ కోటకు సాగనంపితే సరిపోయేది. ఇప్పుడు తానూ వెంట వెళ్ళి, వాయిద్యగాళ్ళ వెనక ముక్కాలిపీట మీద కాపలా కూర్చుంటోంది. ఎందుకంటే రాజుగారి కొలువులో ల్యూటు అనే తీగవాయిద్యం వాయించే బార్నబీకి ఒక్కటే జబ్బు: కచేరీ మధ్యలో తీగ తెంపకుండా ఉండలేడు.

"థేమ్స్ నది మంచుకు తీగ నానిందండీ" అనేవాడు ఒకరోజు. "స్పెయిన్ రాయబారి అదేపనిగా చూశాడండీ, దిష్టి కొట్టింది" అనేవాడు ఇంకోరోజు. అంతఃపుర స్త్రీలకు బార్నబీ రాగానే పండగ.

"ఏం బార్నబీ, ఇవాళ తెగడం ఏ తీగ వంతు?"

"ఎప్పుడూ ఆ చివరి సన్నపిల్లదేనమ్మా. గొర్రెపేగుతో చేసినా గుండె మాత్రం కుందేలుది."

పాటగాళ్ళ పెద్ద మార్వుడ్ మాత్రం నవ్వలేదు. "ఇవాళ మధ్యాహ్నం విందులో తీగ తెగితే, రేపటినుంచి కోటలో నీ మొగుడికి కొలువు లేదు, రొట్టె లేదు, గది లేదు. చూసుకోమ్మా థామసీన్!"

"కళ్ళలో వత్తులేసుకుని చూస్తాను గురువుగారూ" అంది ఆమె భయంగా.

చూసింది కూడా. విందులో మార్వుడ్ మొదటి చరణం గంట మోగినట్టు పాడాడు. రెండో చరణానికి నోరు తెరిచాడు, మాట రాలేదు. వెనకనుంచి చూస్తున్న థామసీన్‌కు ఆయన చెవులు ఎర్రబడటం కనిపించింది. ఆ వెంటనే బార్నబీ చెయ్యి మెల్లగా తీగ బిగించే బిరడ మీదికి పోయింది. ఒక్క తిప్పు. టప్!

సభంతా గొల్లున నవ్వింది. "క్షమించాలి, ఎలక కొరికినట్టుంది" అంటూ బార్నబీ జేబులోంచి పోగులు లేచిన పాత తీగ ఒకటి తీసి, వంగి బిగిస్తూ, మార్వుడ్‌కు వినపడేలా రెండో చరణమంతా గొణిగాడు. మార్వుడ్ అందుకున్నాడు.

"కావాలనే తెంపావు కదూ?" అంది థామసీన్ పాట అయ్యాక, మొగుడి చొక్కా పట్టుకుని.

"మంచుకేనే."

"పక్కన నిప్పుల కుంపటి పెట్టుకుని మంచేమిటయ్యా?"

"పెద్దాయన పాటలో మాటలు మరిచిపోతున్నాడే. నన్ను చూసి నవ్వితే ఏం పోయింది? ఈ మొహం చూసి నువ్వు నవ్వడం లేదూ?"

అంతలో మార్వుడ్ వచ్చాడు. థామసీన్ మొగుడి చొక్కా వదిలేసింది. ఆయన రెండుసార్లు దగ్గాడు.

"రేపు మళ్ళీ విందుంది. ల్యూటుకు కొత్త తీగలు బిగించి తీసుకురామ్మా."

"అన్నీనా గురువుగారూ?"

మార్వుడ్ పైకప్పు దూలాలకేసి చూస్తూ గడ్డం గోక్కున్నాడు. "ఆ చివరి సన్నదాని సంగతి నాకు తెలీదు. నేను చూడలేదు."

సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని థామసీన్ ఒక్కొక్క తీగే మార్చింది.

"ఆ చివరిదొక్కటీ వదిలేశావేం?" అన్నాడు బార్నబీ.

"చేతులు నొప్పెడుతున్నాయి" అని ల్యూటును గోడకు తగిలించేసింది.