రొంపమ్మ

మా ఇంటావిడ పోయింది. ఈ వైశాఖంలో, విశాఖపట్నంలో, ఆసుపత్రి మంచం మీద. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. దినాలు అయిపోయాయి. బంధువులు ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లారు. నేను కొండ మీదికి, స్టేషను క్వార్టరుకి తిరిగొచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి రోజూ ఎవరో ఒకరు మెట్ల దగ్గర నిలబడి "అమ్మ నేదా బాబూ" అని అడుగుతున్నారు. కొందరు తెలియక అడుగుతున్నారు. కొందరు తెలిసే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ మొదట్నుంచీ చెప్పే ఓపిక నాకు లేదు. ఆమె చేతి కషాయం తాగినవాళ్లు ఈ రైలు లైను పొడుగునా ఉన్నారు. అందరికీ కలిపి ఇది రాస్తున్నాను.

ఈ కొండల్లో ఆమెని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. రొంపమ్మ అనేవారు. రొంప అంటే మావైపు జలుబు. ఆ పేరు ఎలా వచ్చిందో తెలియనివాళ్లే ఇప్పుడు ఎక్కువ. అది చెప్తే ఆమె సంగతి చాలావరకు చెప్పినట్టే.

లైను పడిన కొత్తలు. డిగ్రీ అయి, రైల్వేలో అసిస్టెంటు స్టేషను మాస్టరుగా చేరిన నన్ను బొర్రాకీ అరకుకీ మధ్య ఒక చిన్న స్టేషనులో వేశారు. చుట్టూ అడవి, కింద గెడ్డ, అంటే కొండవాగు. రోజుకొక ప్యాసింజరు, మిగతావన్నీ ఇనుప రాయి మోసే గూడ్సులు. పెళ్లయ్యాక ఆమెని అక్కడికే తీసుకొచ్చాను. ఆమెది విజయనగరం దగ్గర పల్లె. ఎండలో పుట్టి పెరిగిన మనిషి. చలికి భయపడుతుందేమో అనుకున్నాను. చలికాలం ఆమెని ఏమీ చెయ్యలేదు. పడనిది ఇక్కడి వేసవి. తెల్లారి మంచు కురుస్తుంది, మధ్యాహ్నం పట్టాలు కాలుతాయి, సాయంత్రం ఉరిమి నాలుగు చినుకులు పడతాయి. ఆ మూడింటినీ ఒకే రోజు తట్టుకోవడం ఆమె ముక్కు వల్ల కాలేదు. మొదటి వేసవి రొంప దగ్గులోకి దిగింది, దగ్గు ఆయాసంలోకి. రెండో వేసవీ అంతే. వానలు పడేదాకా కూర్చునే నిద్రపోయేది.

మా మామగారు ప్యాసింజరు గార్డుతో కూతురి గురించి కబురు పంపారు. "మా గుంటకి కొండగాలి పడదు. దించెయ్యమని సెప్పండి." నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చే ఆశ లేదు. నా బదులు ఇక్కడికి ఎవరొస్తారు? ఆమె దిగిపోతే ఆమె అక్కడ, నేను ఇక్కడ. కాపురం సెలవు రోజుల్లోనే. అయినా ఆ మాట మేమిద్దరం అనుకున్నాం. ఇంకో వేసవి చూడాలి. ఈసారీ ఇలాగే అయితే ఆమె పుట్టింటికి వెళ్లిపోవాలి.

ఆ మూడో వేసవికి ఆమె ముందే సిద్ధమైంది. వేసవి రొంప వేరు, చలికాలం రొంప వేరు అనేది.

"చలికాలం రొంప చలికొస్తాదండీ. వేడి మందిస్తే పోతాది. ఇది వేడిలోంచే పుట్టింది. దీనికి వేడీ ఇవ్వాలి, చలవా ఇవ్వాలి. ఒక చేత్తో పట్టుకుంటే జారిపోతాది."

పొద్దున్నే శొంఠి, మిరియాలు, ధనియాలు దంచి కాచిన కషాయం, అందులో కొండతేనె. మధ్యాహ్నం పల్చటి మజ్జిగలో చిటికెడు మిరియాల పొడి. వేయించిన వాము గుడ్డలో మూటకట్టి ముక్కు దగ్గర. నుదుటికి శొంఠి పట్టు. పసుపు కొమ్ము నిప్పు మీద కాల్చి ఆ పొగ పీల్చి, కళ్లనీళ్లు పెట్టుకుని, "హమ్మయ్య, ఒక పక్క తెరుచుకుంది" అనేది. నేను స్టేషను మందుల పెట్టెలోంచి మాత్ర తెచ్చిచ్చేవాణ్ణి. వద్దనేది కాదు. మాత్ర మింగి, దాని మీద కషాయం తాగేది. ఎందుకలా అంటే, "ఎవరి వాటా వాళ్లు చెయ్యాలి కదా" అనేది.

ఆవిరికి గెడ్డ ఒడ్డున వావిలాకు దొరికేది. కానీ వావిలాకులో వేపాకు కలిస్తేనే ఆమెకి గురి. ఈ ఎత్తున వేపచెట్టు లేదు. మామగారు కింద నుంచి వేపమండలు కట్టగా కట్టి గార్డు చేతికిచ్చి పంపారు. పెరట్లో ఆరేస్తే మేకలు వచ్చి సగం తినేశాయి. మిగిలినవి నీడన ఎండాలని మా వీధి గుమ్మానికి, పై కమ్మీకి, వరసగా కట్టేసింది.

వేసవిలో గుమ్మానికి వేపమండలు కడితే ఏమిటో మాకు తెలియక కాదు. అప్పటికి మశూచి ఇంకా పూర్తిగా పోలేదు. ఆ జబ్బుని అమ్మవారు అనేవాళ్లం. ఆ మండలు చూస్తే బయటివాళ్లు ఆ ఇంటి గడప తొక్కరు. ఆ ఇంట్లో పోపు వెయ్యరు. ఇదంతా చిన్నప్పట్నుంచి చూసిందే. కానీ మా గుమ్మాన్ని బయటినుంచి చూడాలని మాకు తట్టలేదు. నేను డ్యూటీకి వెళ్తూ వస్తూ ఆ మండల కిందనుంచే తల వంచుకుని నడిచాను. ఆకు ఎండుతోందా లేదా అన్నదే చూశాను.

కట్టెలు తెచ్చే ఆమె రావడం మానేసింది. ఎదర కొండ ఊరినుంచి మా కుళాయికి నీళ్లకొచ్చే ఆడవాళ్లు అటు తిరిగి గెడ్డకి పోయారు. మా ఇంటావిడ దుప్పటి కప్పుకుని కిటికీలోంచి చూసేది. పక్క క్వార్టరు పాయింట్స్‌మన్ కుటుంబం వేసవికి ఊరెళ్లింది. మాట్లాడ్డానికి నేను తప్ప మనిషి లేడు.

"ఇక్కడ మనిషికి ఒంట్లో బాగోపోతే ఎలాగున్నావని అడిగే దిక్కు లేదండీ. మా ఊళ్లో అయితే పక్కింటి పిన్ని ఈపాటికి తిట్టైనా తిట్టును."

"ఈసారి నాన్నొస్తే ఎల్లిపోతాను" అంది.

అదే రోజుల్లో మరో వింత. పొద్దున తలుపు తీస్తే మెట్టు మీద ఆనపకాయ బుర్ర ఉండేది, నిండా చోడి అంబలి, అంటే రాగి జావ. మూతికి ఆకు కట్టి ఉండేది. ఒకరోజు పక్కన రెండు నిమ్మకాయలు. ఇంకోరోజు పసుపు నీళ్ల చెంబు. నేను తెప్పిస్తున్నానని ఆమె అనుకుంది. ఆమె చెప్పి తెప్పిస్తోందని నేను అనుకున్నాను. నోటికి ఇంకేమీ రుచించక ఆమె ఆ అంబలే తాగింది.

మామగారు ప్యాసింజరు దిగి వచ్చారు, తీసుకుపోవడానికే. మెట్ల దాకా వచ్చి ఆగిపోయారు. చెప్పులు విడిచారు. భుజం మీద కండువా తీసి నడుముకి చుట్టారు. రెండు చేతులూ జోడించి గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డారు.

"అమ్మోరొచ్చిందని సెప్పనేదేటి బాబూ" అన్నారు నాతో.

లోపల్నుంచి ఈమె దుప్పటితోనే బయటికొచ్చింది. ఆవిరికి మొహం ఉబ్బి ఉంది.

"అమ్మోరేటి నాన్నా. రొంప. అవి నువ్వు పంపిన మండలే కదా."

ఆయన మండల వైపు చూశారు, కూతురి వైపు చూశారు. "నానే పంపీసి నానే దడుసుకున్నాను సూడు" అని మెట్టు మీద కూలబడి నవ్వారు. అప్పుడు పనసచెట్టు పక్కనుంచి కట్టెలామె బయటపడింది. చేతిలో అంబలి బుర్ర. మేం చూడకుండా పెట్టి పోదామని వచ్చి, మామగారిని చూసి చెట్టు చాటున నిలబడిపోయినట్టుంది.

"అమ్మోరు కాదా?"

"కాదు. రొంప."

"రొంపకి ఏపమండలు కట్టీసినావేటమ్మా?"

"ఆరేశాను. కిందెడితే మేకలు తినేస్తున్నాయి."

ఆమె బుర్ర కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది. "నీ రొంప బంగారం కానూ. మా ఊరూరంతా కూరలో పోపెట్టుకోడం మానీసినాం, టేసనమ్మకి అమ్మోరొచ్చిందని. మా అన్న గుంటకి పెళ్లి. డప్పు మోగితే తల్లికి కోపమొస్తాదని అదీ ఆపీసినాం. పెళ్లికొడుకు ఒచ్చి తిరిగెల్లిపోనాడు."

మా ఇంటావిడ నవ్వు ఆగిపోయింది.

"నా కోసమా?"

"మరెవులి కోసం? మా ఇంటికాడికొచ్చి ఉన్నావు. నీకేటైనా అయితే మాకు కాదేటి?" అని, మామగారి వైపు తిరిగింది. "రొంపమ్మొచ్చిందంట బాబూ. దీనికేటిడతారు మీ ఊళ్లో, కోడా, మేకా?"

"మిరియాల చారు" అన్నారు మామగారు.

సాయంత్రం బండికి వేళయింది. మామగారు ట్రంకు పెట్టె గుమ్మంలోకి తెచ్చి పెట్టారు. "పదమ్మా. దగ్గు దిగకముందే దిగిపోదాం." ఆమె పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది.

"నేను రాను నాన్నా."

"మరి ఒంట్లో?"

"దగ్గొస్తాది, పోతాది. నా కోసం పోపు మానేసినోళ్లని ఒదిలేసి ఎలాగొస్తాను? నాకే సిగ్గేస్తాది."

ఆయన నా వైపు చూశారు. నేను ప్లాట్‌ఫారం వైపు చూశాను. బండి వచ్చింది, ఆయన ఒక్కరే ఎక్కారు.

ఆ వేసవీ దగ్గు వచ్చింది. వానల దాకా ఉంది. ఆమె మాత్రం దిగలేదు. ఆగిన పెళ్లి జరిగినప్పుడు తలకి మఫ్లరు చుట్టుకుని వెళ్లి, డప్పు పక్కనే కూర్చుని, మధ్యమధ్య తుమ్ముతూ చూసి వచ్చింది.

తరవాత ఎవరికి రొంప పట్టినా మా గుమ్మంలోకే వచ్చేవారు. రొంపమ్మ ఉందా అని అడిగేవారు. ముందు ఉడుక్కుంది, తరవాత పలకడం మొదలెట్టింది. చంటిపిల్లలకి తమలపాకు వెచ్చచేసి గుండెల మీద వేసేది. పెద్దవాళ్లకి కషాయం పోసి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడేది. గూడ్సు డ్రైవర్లు ఇంజనులోంచే ముక్కు చూపించి సైగ చేసేవారు. మా దగ్గర ఆగని బండికి, ముందు లైను ఖాళీ అని గుర్తుగా, టోకెను రింగు ఎత్తి పట్టుకుంటే డ్రైవరు చేత్తో అందుకుపోతాడు. ఆ రింగుకి వాము పొట్లం కట్టించేది. అది రూలు కాదు. ఆ మాట నేను చెప్పాను. "తుమ్ముతూ బండి నడపడం రూలేటి?" అంది.

ఆ మందులు పనిచేసేవా అని చదువుకున్నవాళ్లు అడిగితే నాకు తెలియదనే చెప్పేవాణ్ణి. రొంప దాని వేళకి అది పోతుంది. ఆమె కూడా కాదనేది కాదు. "రొంపని తరమకూడదండీ, సాగనంపాలి" అనేది. పోయేవరకు ఒకరు పక్కన ఉంటే చాలని ఆమె ఉద్దేశం కావచ్చు. నేను అడగలేదు.

ట్రాన్స్‌ఫర్లు తరవాత వచ్చాయి. మంచి స్టేషన్లే. వద్దని రాసిచ్చాను. ఆమె ప్రతి వేసవీ తుమ్ముతూనే ఉంది. పిల్లలు లేరు మాకు. ఆ మాట ఆమె ఇక్కడ ఎవరితోనూ అనవలసిన అవసరం పడలేదు, మా వసారా ఎప్పుడూ ఖాళీగా లేదు.

ఈ ఏడు రొంప ముందే వచ్చింది. దగ్గూ మామూలే అనుకున్నాం. వాముకి లొంగలేదు, మాత్రకీ లొంగలేదు. కాళ్లు వాచాయి. ప్యాసింజరులో దింపాను. ఆసుపత్రిలో రోజూ అదే అడిగేది, "ఎప్పుడెక్కుతాం?" డాక్టరు పంపేలా లేడు. రేపు అనేవాణ్ణి. చివరి రోజు అడగలేదు. "కింద ఉక్కగా ఉందండీ" అంది. అంతే.

దహనం అక్కడే చేశాం. అస్థికలు కుండలో కట్టుకుని నేను స్టేషనుకి బయల్దేరితే మా బావమరిది ఆపాడు.

"పక్కన సముద్రం ఎట్టుకుని కొండెక్కడం ఏటి బావా?"

"మీ అక్క పైకి వస్తానంది."

అతనే వెళ్లి నాకు టిక్కెట్టు తెచ్చిచ్చి, కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టాడు.

వచ్చాక నాకూ రొంప పట్టింది. వాము ఏ డబ్బాలో ఉందో తెలుసు, శొంఠి ఎక్కడుందో తెలుసు. లేవబుద్ధి కాలేదు. తెల్లారాక కుండ తీసుకుని గెడ్డకి దిగాను. కట్టెలామె తోడొచ్చింది. పెద్దదైపోయింది, కర్ర పట్టుకుని నడుస్తోంది. ఈ గెడ్డ కిందకి పోయి గోస్తనిలో కలుస్తుంది. గోస్తని సముద్రంలో కలుస్తుంది. ఎలాగైనా చేరేది అక్కడికే.

ఎండలకి నీళ్లు పాదం మునిగేంత ఉన్నాయి. కుండ వంచాను. బూడిద కొంచెం దూరం పోయి, ఒక పెద్ద రాయి వెనక ఆగింది.

"ఎండల్లో గెడ్డకి వడి నేదు బాబూ" అంది ఆమె. "బేగి ఎల్లదు. ఒక వాన పడాలి."

"ఉండనీ" అన్నాను.

ఒడ్డున కూర్చున్నాం. నా ముక్కు మూసుకుపోయి అడవి వాసన ఏదీ తెలియడం లేదు. రాయి వెనక నీళ్లు మెల్లగా గుండ్రంగా తిరుగుతున్నాయి. వాటి మీద బూడిద, తెల్లటి పలచని పొరలా, అక్కడక్కడే తిరుగుతోంది.