జంపఖానాలకు గుండు

ఒక్క పూటలో ముప్పై జంపఖానాలకు గుండు గీసిన ఘనుణ్ని నేను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. హన్మకొండలో మూడు నెలలు వెబ్ డిజైన్ నేర్చుకుని, ప్రపంచంలోని వెబ్‌సైట్లన్నీ నాకోసమే ఆగి ఉన్నాయని నమ్మేవాణ్ని.

మొదటి క్లయింట్ సదానందం కాక. వరంగల్ కొత్తవాడలో ఐదు మగ్గాల మీద జంపఖానాలు నేయిస్తాడు. హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్‌కు జంపఖానాలు కావాలట. అక్కడి మేడం సైట్ చూసి నిర్ణయం చెబుతానంది. ఆ ఆర్డరొస్తే ఐదు మగ్గాలకూ ఏడాది పని. రాకపోతే రెండు మగ్గాలు ఆపాల్సిందేనని కాక ముందే చెప్పాడు.

నేను ఊరుకుంటానా! పదకొండు దశలతో, ఏడు రంగులతో ప్లాన్ గీశాను. అందులో కాక పేరు ఒక్కచోటే ఉంది, చివరి దశలో, 'అప్పగింత' పక్కన. ఒకసారి వచ్చి మగ్గం చూసిపొమ్మన్నాడు. అక్కర్లేదు, ఫోటోలు పంపితే చాలన్నాను. ఆయన వదల్లేదు.

"సగం అయినంక జర సూపియ్ బిడ్డా."

"సర్‌ప్రైజ్ కాక," అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

ఫోటోలు వచ్చాయి. ప్రతి జంపఖానాకూ రెండు కొసలా దారాలు వేలాడుతున్నాయి. అయ్యో పాపం, కాకకు ఫోటో తీయడం రాదనుకుని ఆ కుచ్చులన్నీ శుభ్రంగా చెరిపేశాను. కాస్త వంకరగా ఉన్న గీతలనూ స్కేలు పెట్టినట్టు సరిచేశాను. మీరే చెప్పండి, ఇంత సేవ ఎవరు చేస్తారు?

అప్పగింత రోజు లాప్‌టాప్ చంకన పెట్టుకుని పెళ్లికొడుకులా కొత్తవాడలో దిగాను. మేడంకు ముందు రాత్రే లింకు పంపేశాను కదా, కాకకు సైట్ తెరిచి చూపించేలోపే ఆమె ఫోన్. కాక స్పీకర్ పెట్టాడు.

"ఇవి మిషన్ మీద చేసినవండీ. మాకు చేతి నేత కావాలి. క్షమించండి."

మగ్గాల చప్పుడు ఆగిపోయింది. ఐదుగురు నేతగాళ్లూ నావైపే చూస్తున్నారు. కాక తెర మీదికి వంగాడు.

"కుచ్చులేవి బిడ్డా?"

"చిందరవందరగా ఉన్నయని తీసేసిన కాక."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. కాక ఫోన్ అందుకుని, "తప్పు నాదే మేడం. పోరనికి మగ్గం సూపియ్యకుండనే పని జెప్పిన. జర వీడియోల రాండ్రి," అన్నాడు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఫోన్ పట్టుకుని మగ్గం మగ్గానికీ తిరిగాడు. ఒకాయన కొసదారాలు ముడివేస్తుంటే దగ్గరగా చూపించాడు. నేను ఫోటోల్లో సరిచేసిన లాంటి ఒక వంకర గీత దగ్గరే మేడం ఆగమంది. "ఇదేనండీ నాకు కావలసింది," అంది. ఆర్డర్ నిలబడింది.

అప్పుడు కాక నన్ను మగ్గం పక్కన కూర్చోబెట్టాడు. "మేము జానెడు నేసి గిరాకికి సూపెడ్తం. ఔనంటెనే ముంగటికి వోతం," అన్నాడు. నా పదకొండు దశల్లో లేనిది ఆ ఒక్కటే. పది రోజులు అక్కడే కూర్చుని, ఒక్కో పేజీ ఆయనకు చూపించుకుంటూ సైట్ మళ్లీ కట్టాను.

పని ముగిశాక కుర్చీకి సరిపడా చిన్న జంపఖానా ఒకటి నా చేతిలో పెట్టాడు. ఒక వైపే కుచ్చులున్నాయి.

"గిటు దిక్కు నా తీరు, గటు దిక్కు నీ తీరు. కూసోని సూడు, తెలుస్తది."

తెలిసింది. నెల తిరిగేసరికి నా తీరు వైపు నాలుగు వేళ్ల మేర అల్లిక ఊడిపోయింది. నేను చెత్తనుకున్న ఆ ముడులే జంపఖానాను పట్టి ఉంచుతాయట. ఈ రోజుకీ దాని మీదే కూర్చుని పని చేస్తాను. నాకు ఈ పని నేర్పిన గురువు ఎవరంటే కాక పేరే చెబుతాను.

మిగిలిన కుచ్చుల మీద చేయివేసి అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. కాకకు చూపించకుండా ఈ జన్మలో ఇక దేన్నీ కత్తిరించను. మొన్న సెలూన్ కుర్చీలో కూర్చుని, మెడకు గుడ్డ చుట్టించుకుని మరీ వీడియో కాల్ చేశాను. కాక నా జుట్టును అటూ ఇటూ పరీక్షగా చూసి, తాపీగా అన్నాడు:

"సగం అయినంక మల్ల సూపియ్ బిడ్డా."