గ్యాసు బండిలో ఉప్పు బస్తాలు

మా మరిది నోరు తెరిస్తే కాలుష్యం గురించే. జగదల్‌పూర్‌లో గ్యాసు పంపు పెట్టినప్పటి నుంచి మా ఇంట్లో వాడి ఉపన్యాసం తప్ప మరో మాట లేదు. "వదినా, ఆ డీజిల్ పొగకే నీకు దగ్గు. గ్యాసు బండికి పొగ రాదు, ఖర్చు కూడా తక్కువ" అనేవాడు. నా దగ్గు మీద వాడికంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో నాకు అర్థం కాలేదు. మా ఆయన తమ్ముడి మాట కాదనడు. ఆ మంచితనమే మమ్మల్ని ముంచింది.

మాది సంతల వ్యాపారం. ఉప్పు, ఎండుమిరపకాయలు బండికెత్తుకుని రోజుకో సంతకు పోతాం. సంతలో ఎవరి చోటు వాళ్లదే. పట్టా ఏమీ ఉండదు. దర్భ ఘాట్ రోడ్డు దాటాక వచ్చే సంతలో ఇప్పచెట్టు కింద చోటు మా మామగారి నాటి నుంచి మాది. వరసగా మూడు వారాలు కనబడకపోతే మాత్రం ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. జ్వరంలో కూడా పోయి కూర్చున్నాను గానీ నేను ఆ చోటు వదల్లేదు.

కొత్త గ్యాసు ఆటో వచ్చింది. పాత డీజిల్ బండిని తుక్కుకు వేసేస్తానని మరిది తోలుకుపోయాడు. నెల తిరక్కుండా నా దగ్గు తగ్గింది. ఆ ఒక్క మాటలో వాడు నిజం చెప్పినందుకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గ్యాసు సిలిండరు ట్రాలీలో, డ్రైవరు సీటు వెనక అడ్డంగా ఉండేది. చోటు చాలక ఉప్పు బస్తాలు దాని మీదే పేర్చేవాళ్లం. ఉప్పు ఇనుమును తింటుందని మాకు తెలియక కాదు. మా తక్కెడ గొలుసులు తుప్పు పట్టి ఏడాదికోసారి మార్చేవాళ్లం. అయినా సిలిండరు దగ్గర ఆ బుద్ధి పనిచేయలేదు. వానాకాలమంతా చెమ్మగిల్లిన బస్తాల ఉప్పునీళ్లు దాని మీద కారాయి.

ఒక పొద్దున పంపు దగ్గర మనిషి సిలిండరు గీకి చూశాడు. తుప్పు పెళ్లలుగా రాలింది. ఇది పేలితే లైన్లో ఉన్నవాళ్లంతా పోతాం, పరీక్ష చేయించి కాగితం తెస్తేనే గ్యాసు పోస్తానని హిందీలో అరిచాడు. బండికి చిన్న పెట్రోలు టాంకు ఉంది గానీ, అది పంపు దాకా రావడానికే, బరువుతో ఘాట్ రోడ్డు ఎక్కడానికి కాదు. మా ఆయన సిలిండరు విప్పించుకుని రాయపూర్ పోయాడు. అది పనికిరాదన్నారు, కొత్తదానికి ఇవాళ రేపు అని తిప్పారు. ఇప్పచెట్టు సంత రెండు వారాలు పోయింది.

"ఏంది నీ తొందర, వచ్చే వారం పోదాం" అన్నాడు మా ఆయన ఫోన్లో.

"వచ్చే వారం మూడోది" అన్నాను.

మూడో వారం ఒక్క బస్తా ఉప్పుతో బస్సెక్కాను. ఇప్పచెట్టు కింద మా మరిది కూర్చుని ఉప్పు అమ్ముతున్నాడు. వాడి వెనక మా పాత డీజిల్ బండి ఉంది.

"మీ చోటు పోకుండా నేనే కాస్తున్నా వదినా" అన్నాడు నవ్వుతూ. తర్వాత లేచి, బండి జరపడానికి స్టార్టు చేశాడు. "నువ్వు అవతల కూసో. ఈడ పొగకు నీకు దగ్గొస్తది."

నేను బస్తా సరిగ్గా ఆ పొగలోనే, వాడి బస్తాల ముందు దించాను. ఇప్పటికీ ప్రతి వారం అక్కడే దించుతున్నాను. దగ్గు మళ్లీ వచ్చింది.