మేనత్త మరాఠీ

మొన్న జర్మనీల నర్సు కొలువు చేస్తున్న మనుమరాలు ఫోన్ చేసింది. "అమ్మమ్మా, ఈడ నా పేరు ఎవ్వరికీ నోరు తిరుగుతలేదు. సగం కోసి పిలుస్తరు. ఒక్కోసారి నన్నే పిలుస్తున్నరని నాకే తెలుస్తలేదు" అన్నది. నవ్వుకుంటనే అన్నది గానీ, పొద్దంతా నాకు మా మేనత్తే యాదికొచ్చింది.

నైజాం కాలంల బొంబాయి అంటే మాకు పరదేశమే; ఆడ చెల్లే రూపాయి సిక్కా వేరు, సర్కారు వేరు. మేము నల్గొండ దిక్కు నేతపనోళ్లం. పెండ్లయిన ఏడాదికే మేనత్త మా మామ వెంట బొంబాయి పోయి, బట్టల మిల్లుల దారం చుట్టే పనికి కుదిరింది. పదిహేనేండ్లు ఆడ ఆమెను పేరు పెట్టి పిలిచినోళ్లు లేరు. మన దిక్కు నుంచి పోయిన కూలోళ్లందరికీ కలిపి ఒక్కటే పేరు, కామాటి. పోలీస్ యాక్షన్ అయినంక మమ్ముల చూడొచ్చింది. వచ్చిన నాడే వంట తానే చేస్తనని, బొంబాయి అలవాటున పప్పుల బెల్లం వేసింది. నాయిన రెండు ముద్దలు మింగి, "అక్కా, గిది పప్పా, పాయసమా?" అన్నడు. అందరం నవ్వినం. ఆమె గూడ నవ్వి, చెయ్యి కడుక్కొని పెరట్లకు పోయింది. వెనక పోయిన నాతోని, "ఆడ కామాటి అంటరు, ఈడ బొంబాయామెనంటరు. నేను ఏడిదాన్నే బిడ్డా?" అన్నది. నాకు ఎనిమిదేండ్లు. "మా అత్తవు" అన్న.

వారం తిరగకముందే, దొరల మీద తిరగబడ్డ సంగపోళ్లను వెతుక్కుంట యూనియన్ మిలిటరీ మా ఊర్ల దిగింది. మొగోళ్లను వరుసగ నిలబెట్టి చేతులు చూసిన్రు. నాయిన అరచేతిల కాయలు చూసి, తుపాకి పట్టిన చేతులేనని రెక్కలు విరిచి కట్టిన్రు. మా మాట వాళ్లకు తెల్వదు. మేనత్త కొంగు నడుముకు చెక్కి, సీదా ఆ సిపాయిల మీది జమాదారు ముందటికి పోయి మరాఠీల మాట్లాడింది. ఆయనదీ అదే భాష. బిత్తరపోయిండు. వాళ్లేమనుకున్నరో తర్వాత ఆమే మాకు చెప్పింది. "నువ్వు బొంబాయి దానివి, వీళ్లతోని నీకేం పని? పక్కకు జరుగు" అన్నడట. జరిగితే ఆమెకు ఏ ఫికరూ లేదు. జరగలే. "బొంబాయి నాకు పని నేర్పింది. నన్ను కన్నది గీ ఊరు. వీడు నా తమ్ముడు. మగ్గం తాడు గుంజి గుంజి కాసిన కాయలవి. కట్లు విప్పు, నీ కండ్ల ముందట్నే నేస్తడు" అన్నదట.

కట్లు విప్పినంక నాయిన మగ్గం మీద కూసున్నడు. పోగు రెండు సార్లు తెగింది. రెండు సార్లూ మేనత్తే ముడేసింది. తర్వాత మగ్గం ఆడింది. జానెడు బట్ట నేసేదాక జమాదారు నిలబడి చూసి, నాయిన అరచెయ్యిని వేలితో ఒకసారి తడిమి, ఆయనను ఆడనే వదిలి బయటికి నడిచిండు.

నెలకు ఆమె మళ్ల బొంబాయికే పోయింది. బండెక్కేటప్పుడు పక్కింటామె "బొంబాయామె పోతాందే" అంటే, "పోతున్న. మళ్లొస్త. రెండూ నావే" అన్నది తల ఎత్తి. గా పొద్దు జమాదారు ముందట నిలబడ్డ ఆమె వయసును నేనెప్పుడో దాటిపోయిన. అయినా యాదిల ఆమె ఇంకా నాకంటె పెద్దదే.